పాత పదవికి రాజీనామా ఇస్తే కొత్త సీటు నిలుస్తుందా?
రాజీనామా అడ్డు కాదు - గడువు దాటితేనే ముప్పు

గంగారం: చట్టసభలో ఉన్న సభ్యుడు మరో చోట పోటీ చేసి గెలిచి పాత పదవికి రాజీనామా ఇస్తే, కొత్త పదవి ఆయనకు దక్కుతుందా? రాజీనామా చేసినవాడు మళ్లీ సభ్యుడెట్లా అవుతాడన్న సందేహం ఎన్నికలు వచ్చినప్పుడల్లా పల్లెల్లో వినవస్తూనే ఉంటుంది. రాజ్యాంగం, ఎన్నికల చట్టం చూస్తే ఈ అనుమానానికి తావు లేదు. పాత సీటుకు ఇచ్చిన రాజీనామా కొత్త సీటుకు అడ్డు రాదు. పైగా కొన్ని సందర్భాలలో రాజీనామా చేయకపోతేనే చిక్కు.

ఇందుకు దృష్టాంతం ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉంది. పల్లా రాజేశ్వర్‌రెడ్డి 2021 మార్చిలో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. 2023 డిసెంబరులో జనగామ నుంచి శాసనసభకు గెలిచారు. ఒకే వ్యక్తి రాష్ట్రంలోని రెండు సభలలోనూ సభ్యుడుగా ఉండరాదని రాజ్యాంగంలోని 190వ అధికరణం చెబుతున్నది. అందుచేత ఆయన మండలి పదవి వదులుకుని జనగామను నిలుపుకున్నారు. స్టేషన్ ఘనపూర్ నుంచి గెలిచిన కడియం శ్రీహరి కూడా అదే నెలలో మండలికి రాజీనామా ఇచ్చారు. ఈ రాజీనామాల వల్ల వారి శాసనసభ సభ్యత్వానికి ఏ భంగమూ కలుగలేదు.

పార్లమెంటు, శాసనసభ రెండింటికీ ఎన్నికైనవారి సంగతి వేరు. ఎన్నికైన విషయం గెజిట్‌లో ప్రచురితమైన నాటి నుంచి 14 రోజులలో శాసనసభ సీటు వదులుకోవాలి. వదులుకోకపోతే పార్లమెంటు సీటు దానంతటదే ఖాళీ అవుతుందని 1950 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఒకే సభకు రెండు చోట్ల గెలిచినవారు గడువులోగా ఒకటి వదలకపోతే రెండూ పోతాయి. 1985లో ఎన్.టి.రామారావు గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1996లో పి.వి.నరసింహారావు నంద్యాల, బరంపురం రెండు లోక్‌సభ స్థానాలూ గెలిచి నంద్యాల వదిలారు. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఒకరు రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదని నిర్ణయించారు.

రాజీనామా చేసి అదే స్థానానికి తిరిగి పోటీ చేయడానికి కూడా చట్టం అభ్యంతరం చెప్పదు. ప్రత్యేక తెలంగాణ కోసం రాజీనామా ఇచ్చిన 12 మంది శాసనసభ్యులూ 2010 జులై ఉప ఎన్నికలలో మళ్లీ గెలిచారు. వరంగల్ పశ్చిమం అందులో ఒకటి. 2022లో మునుగోడులో రాజీనామా చేసిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి మాత్రం ఉప ఎన్నికలో ఓడిపోయారు. చట్టం తలుపు తెరిచి ఉంచుతుంది, లోపలికి రానిచ్చేది ఓటరే. అనర్హత వేటు పడిన కర్ణాటక శాసనసభ్యులు సైతం తిరిగి పోటీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు ఇచ్చింది.

అయితే ఒక మెలిక ఉంది. లేఖ ఇచ్చినంత మాత్రాన శాసనసభ్యుని సీటు ఖాళీ కాదు. స్పీకర్ ఆమోదించాలి. ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదని తోస్తే తిరస్కరించవచ్చు. 2011లో తెలంగాణ శాసనసభ్యులు మూకుమ్మడిగా ఇచ్చిన రాజీనామాలను ఆనాటి స్పీకర్ తిరస్కరించిన సంగతి విదితమే. ఒకసారి ఆమోదం పొందితే మాత్రం లేఖను వెనక్కి తీసుకునే వీలు లేదు.

నాయకునికి నష్టం లేదు సరే, ఓటరు మాటేమిటి? పట్టభద్రుల స్థానం 2023 డిసెంబరులో ఖాళీ అయితే 2024 మే 27న గాని పోలింగు జరగలేదు. గంగారం సహా మహబూబాబాద్ జిల్లా పట్టభద్రులకు అన్నాళ్లూ ఆ ప్రతినిధి లేడు. జనగామ శాసనసభా స్థానం భువనగిరి లోక్‌సభ పరిధిలోనిది. అక్కడి ఎంపీ కోమటిరెడ్డి వెంకటరెడ్డి శాసనసభకు గెలిచి 2023 డిసెంబరులో రాజీనామా ఇచ్చారు. గడువు ఏడాదిలోపే మిగిలినందున ఉప ఎన్నిక జరపలేదు. 2024 జూన్ దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. 2015లో కడియం మండలికి వెళ్లి లోక్‌సభ సీటు వదిలినప్పుడు వరంగల్, భూపాలపల్లి ప్రాంత ఓటర్లు నవంబరులో మళ్లీ క్యూలో నిలబడవలసి వచ్చింది.

ఉప ఎన్నిక ఖర్చు ప్రజల సొమ్మే. కోడ్ ఉన్నన్నాళ్లు కొత్త పనుల మంజూరు ఆగుతుంది. రోడ్డు కోసం, కరెంటు కోసం ఎదురుచూసే ఏజెన్సీ గూడేలకు ఇది చిన్న విషయం కాదు. ఒకరికి ఒకే సీటు అన్న నియమం తేవాలని, లేదా రెండు చోట్ల గెలిచి ఒకటి వదిలినవారి నుంచి అసెంబ్లీకి 5 లక్షలు, లోక్‌సభకు 10 లక్షల రూపాయలు రాబట్టాలని ఎన్నికల సంఘం 2004లోనే సూచించింది. ఇది పార్లమెంటు తేల్చవలసిన విషయమని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం మారేదాకా ఓటరు చేతిలో ఉన్నది ఒక్కటే. ఒక పదవిలో ఉండి మరో పదవికి ఓటు అడగవచ్చిన వారిని, "గెలిస్తే ఏది ఉంచుకుంటారు, వదిలిన చోటి జనానికి ఏం చెబుతారు" అని ముందే నిలదీయాలి. గెలిచాక అడిగితే జవాబు గెజిట్‌లోనే దొరుకుతుంది.