చేతికెక్కాల్సిన ఇల్మ్

పోయిన రంజాన్‌లో మా అమ్మీ పైకి వినబడేలా ఖురాన్ చదవడం మానేసింది. గొంతు బాగోలేదేమో అనుకున్నాం. ఆరా తీస్తే అసలు సంగతి కొత్తగా పెట్టించిన కట్టుడు పళ్ళు. 'ఫే' దగ్గర గాలి జారిపోతోందట. 'సే', 'జాల్' దగ్గర నాలుకకు అంచు దొరకడం లేదట. "మఖ్రజ్ తప్పుతోంది బేటా, తప్పు చదివేకంటే మనసులో చదువుకోవడం మేలు" అంది. ఒకప్పుడు గల్లీ పిల్లలందరికీ ఖాయిదా చెప్పిన మనిషి.

తజ్వీద్ తెలియని వారి కోసం ఒక ముక్క. అరబీలో 'ఫే' పలకాలంటే పై ముందుపళ్ళ అంచు కింది పెదవి లోపలి భాగానికి తగలాలి. 'సే', 'జాల్', 'జోయ్' హర్ఫ్‌లకు నాలుక కొన ఆ పళ్ళ అంచును తాకాలి. పళ్ళు కాస్త ముందుకో వెనక్కో జరిగితే హర్ఫ్ మారిపోతుంది.

మా ఆపా కూతురు బీడీఎస్ రెండో ఏడు. ఈద్‌కు వచ్చినప్పుడు ఆ సెట్టును కిటికీ వెలుగుకు పట్టి చూసింది. "మామూ, లావుగా ఉన్నచోట చూడండి, లోపల బుడగలు. తొందరపడి ఉడకబెట్టారు" అంది. ఎలా తెలుసే అన్నాను. "నేను చేసిన మొదటి సెట్టు అచ్చం ఇలాగే వచ్చింది" అని నవ్వింది.

ఈ నాలుగు మాటలు రాయడం ఆ జవాబు కోసమే.

ఆమె దగ్గర కూర్చుని ఆ పనంతా చెప్పించుకున్నాను. గులాబీ రంగు అక్రిలిక్ పొడి, ముక్కు అదిరే వాసనున్న ద్రవం. మూడు పాళ్ళ పొడికి ఒక పాలు ద్రవం. కలపగానే తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆపైన పూరీ పిండిలా అవుతుంది. అచ్చులో నొక్కాల్సింది అప్పుడే. ఆ ఘడియ దాటితే రబ్బరులా ఎదురు తిరుగుతుంది. ఇక ఉడికించడం. ఆ ద్రవం దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీళ్ళను ఒక్కసారిగా మరిగిస్తే, లోపల పుట్టే వేడి కూడా తోడై, లావుగా ఉన్నచోట ద్రవం ఆవిరై బుడగలుగా నిలిచిపోతుంది. అందుకే 74 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచి ఆ తర్వాత 100కి తెచ్చి ఇంకో గంట ఉంచుతారు. లేదంటే 74 దగ్గరే రాత్రంతా. దమ్ బిర్యానీ వండేవాళ్ళకు ఈ సబ్ర్ గురించి చెప్పక్కర్లేదు.

నోటి అచ్చు తీసే ఆల్జినేట్‌దీ ఇదే తంతు. సముద్రపు నాచు నుంచి వచ్చే పదార్థం అది. నీళ్ళు పోసి రబ్బరు గిన్నె గోడకేసి నిమిషంలో మెత్తగా కలపాలి. మన ఎండలకు నీళ్ళు వెచ్చగా ఉంటే నోట్లోకి చేరేలోపే బిగుసుకుంటుంది. తీసిన అచ్చును గాలికి వదిలేస్తే కుంచించుకుపోతుంది, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. ఫోన్ మాట్లాడి వచ్చి ప్లాస్టర్ పోద్దామంటే కుదరదు.

ఇవన్నీ కితాబుల్లో ఉన్నాయి. ఆమె క్లాసులో చాలామందికి నోటికి కూడా వచ్చట. కానీ సీనియర్ల రికార్డు చూసి నకలు రాసేవాళ్ళూ ఉన్నారు, మైనంతో చెక్కాల్సిన పన్నును డబ్బులిచ్చి చెక్కించుకునేవాళ్ళూ ఉన్నారు. పరీక్ష పాసవుతారు. రేపు వాళ్ళ కుర్చీలో మన అమ్మలే కూర్చుంటారు.

ఇప్పుడు స్కానర్లు, త్రీడీ ప్రింటర్లు వచ్చాయి, డాక్టర్ చేతికి ప్లాస్టర్ అంటడమెందుకు, ల్యాబుకు పంపితే చాలదా అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. మెషీన్ రావాల్సిందే. కానీ ల్యాబు నుంచి వచ్చిన పనిలో ఐబ్ ఉందో లేదో ఎవరు చెప్పాలి? అమ్మీ సెట్టును ఆ క్లినిక్‌లో ఎవరో చేతిలోకి తీసుకునే ఉంటారు కదా. ఆ బుడగలు వాళ్ళ కంటికి ఆనలేదు, లేదా ఆనినా ఫర్వాలేదనుకున్నారు. రెండోది ఈమాన్ లోపం, దానికి ఏ ల్యాబూ మందు కాదు. మొదటిదానికి మాత్రం మందుంది.

మా ఉర్దూ మీడియం బడిలో ఖుష్‌ఖతీ నేర్పిన ఉస్తాద్ అలిఫ్ గురించి ఉపన్యాసం చెప్పలేదు. మా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి గీయించారు. బాగోలేకపోతే "ఫిర్ సే" అనేవారు, అంతే. దంతవైద్య కాలేజీల్లో ఆ "ఫిర్ సే" అనే మనిషి కావాలి. చెడిపోయిన సెట్టుకు కూడా, ఎందుకు చెడిందో చెప్పగలిగిన పిల్లకు మార్కులు పడాలి. ఇంకో మాట. 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే డెంటల్ మెకానిక్‌కు విడిగా చోటుంది. మన నోట్లో పళ్ళు చేసిన ఆ మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఇరవై, ముప్పై ఏళ్ళుగా మైనం కరిగిస్తున్న ఆ ఉస్తాద్‌లను పిలిచి, డిగ్రీ చూడకుండా, ఇజ్జత్‌తో షాగిర్దుల పక్కన కూర్చోబెట్టాలి. వాళ్ళకు దక్కాల్సిన జీతం సంగతి మరోసారి రాస్తాను.

పోయిన వారం అమ్మీని భాంజీ వాళ్ళ కాలేజీకి తీసుకెళ్ళాం. మైనం మీద పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూసే రోజు. మేడమ్ గారు 'ఫ', 'వ' వచ్చే మాటలు పలకమన్నారు. అమ్మీ మాటలెందుకని కళ్ళు మూసుకుని ఫాతిహా మొదలుపెట్టింది. ఆవిడ ఆపకుండా పెదవుల వైపే చూసి, అయ్యాక ముందుపళ్ళను మైనంలో ఒక్క పిసరు జరిపి, "అమ్మా, మళ్ళీ చదవండి" అన్నారు. అలా మూడుసార్లు.

సెట్టు ఇంకా చేతికి రాలేదు. జుమేరాత్ రమ్మన్నారు. ఈసారి రాత్రంతా ఉడకనిస్తారట, కాపలా మా భాంజీదే.