మైలేజీ సరే, మంచినీళ్ళ మాటేమిటి?

ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు గురించి 2025లో జరిగిన రభస మిత్రులకు గుర్తుండే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని ఒకరు, పాతబండి రబ్బరు గొట్టాలు చెడతాయని మరొకరు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ పెట్రోలు నిలవుండే భూగర్భ ట్యాంకు చిల్లుపడితే ఎవరి బోరులో తేలుతుందన్న ప్రశ్న మాత్రం నా చెవిన పడలేదు.

సికింద్రాబాదు ఎరిగినవారికి వర్ణన అక్కరలేదు. ప్యారడైజు నుంచి అటు కార్ఖానా, ఇటు తార్నాక దాకా అదే వరస: రోడ్డుపక్కన బంకు, బంకు వెనక అపార్టుమెంటు, దాని మూలన బోరు. నల్లా నీళ్ళు చాలని వేసవిలో ఆ బోరే దిక్కు.

మనది గ్రానైటు నేల. పైన మొరం, కింద పగుళ్ళు తీసిన రాయి. కారిన పెట్రోలు నీటికన్న తేలిక గనుక నీటిమట్టంపై తెట్టుకడుతుంది. అందులోని బెంజీను, క్యాన్సరు కారకమని రుజువైన పదార్థం, కొద్దికొద్దిగా కరిగి నీటివెంట నడుస్తుంది. పగుళ్ళలో ఎటు మళ్ళుతుందో పైనుంచి చెప్పలేం. కేసింగు చుట్టూ సిమెంటు పోయకుండా వదిలేసిన బోరైతే ఆ సందే దానికి రాచబాట.

ఇథనాలు చేసే అపకారం మరొకటి. నేలలోని సూక్ష్మజీవులు బెంజీనును కొంత తినివేస్తాయి. ఇథనాలు దొరికితే ముందు దాని పని పట్టి, ఉన్న ప్రాణవాయువును కాస్తా ఖర్చుచేస్తాయి. బెంజీను మిగిలి మరింత దూరం పోతుంది.

గాలికి మేలని కలిపినది నీటికి చేటు కావడం కొత్త కాదు. ఎం.టి.బి.ఇ. అనే ద్రవ్యాన్ని అమెరికాలో అలాగే పెట్రోలులో కలిపారు. అది నీటిలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అంటుకోదు. 1996లో శాంటా మోనికా నగరం బావులు మూసి తన తాగునీటిలో దాదాపు సగం పోగొట్టుకున్నది. కాలిఫోర్నియా 2004 నుంచి దాన్ని నిషేధించింది. అంతదూరం ఎందుకు, తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో 2013లో భూగర్భ పైపులైను కారి బోరునీళ్ళలో పెట్రోలు వచ్చింది. సంగతి హరిత ట్రిబ్యునలుకు చేరింది.

ట్యాంకులో రోజూ డిప్ రాడ్ దించి కొలుస్తున్నాం కదా అంటారు. నిజమే. కానీ చుక్కచుక్కగా పోయేది ఆవిరి తరుగు ఖాతాలో కలిసిపోతుంది. ఆ కొలత సరుకు కోసం పుట్టింది, నీటి కోసం కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో బడికీ ఆసుపత్రికీ ఇళ్ళకూ యాభై మీటర్ల దూరం విధించింది. అదీ కొత్త బంకులకే. టేపు నేలమీద పరుస్తారు, పెట్రోలు నేలకింద నడుస్తుంది. ఇక తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) పట్టికలో బెంజీను పేరే లేదు. అడగని పరీక్షను ఏ ప్రయోగశాల చేస్తుంది?

అమెరికా 1988లో నియమం చేసి, పాత ట్యాంకులను బాగుచేయడానికో మూసివేయడానికో 1998 డిసెంబరు దాకా గడువిచ్చింది. అక్కడుండే మన మిత్రులకు ఇది తెలిసిన కథే. ఇక్కడ నేనడిగేది అంతకన్న చిన్నది: ప్రతి బంకులో ట్యాంకు పక్కన ఒక పరిశీలన బావి, ఏడాదికోసారి బెంజీను పరీక్ష. ధర మారిస్తే రోజూ ఉదయం ఆరుగంటలకల్లా బోర్డుమీద అంకె మారుస్తున్నారు. దాని కింద ఈ అంకెకు చోటు చాలదా?