గదులు లారీ మీద వస్తాయి, నర్సమ్మ ఎలా వస్తుంది?

మా ఊళ్లో సబ్ సెంటరుకు శంకుస్థాపన చేసిన రోజు బడిపిల్లల్ని వరసలో నిలబెట్టి చప్పట్లు కొట్టించమన్నారు. కొట్టించాను. అప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు పదో తరగతి దాటిపోయారు. గోడలు కిటికీల దాకా లేచి ఆగిపోయాయి. బిల్లు రాలేదని కాంట్రాక్టరు అంటాడు, ఇసుక లేదని ఇంజనీరు అంటాడు. శిలాఫలకం మీద పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. అలాంటి రాయి మీ ఊళ్లో కూడా ఉండే ఉంటుంది.

కట్టడానికి టైము పడుతుందయ్యా అనే మాట ఇక చెల్లదు. ఆస్పత్రి గదుల్ని ఫ్యాక్టరీలోనే తయారుచేసే పద్ధతి ఉంది. ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గదులు తయారవుతాయి. కరెంటు తీగలు, నీళ్ల పైపులు ముందే బిగిస్తారు. లారీ మీద తెచ్చి, క్రేనుతో దించి, ఒకదానికొకటి కలుపుతారు. వానలొచ్చినా ఫ్యాక్టరీలో పని ఆగదు.

ఇది నిన్న మొన్న పుట్టిన తెలివి కాదు. 1855లో క్రిమియా యుద్ధం నడుస్తుండగా బ్రూనెల్ అనే ఇంజనీరు ఇంగ్లండులో కొయ్య వార్డులు చేయించి, ఓడల మీద టర్కీలోని రెంకియోయికి పంపాడు. గాలి ఎటునుంచి రావాలి, మురుగు ఎటు పోవాలి అన్నది కూడా ముందే లెక్క వేశాడు. 2020లో చైనావాళ్లు వూహాన్‌లో వెయ్యి పడకల ఆస్పత్రిని పది రోజుల్లో నిలబెట్టారు. అంటే తమ ప్రాణం మీదికి వస్తే ప్రభుత్వాలకు రోజులు చాలు. మన ప్రాణం మీదికి వస్తేనే ఏళ్లు కావాలి.

అయితే డబ్బా గదులు చూసి మురిసిపోవద్దు. కేరళలోని కాసరగోడ్ జిల్లా సంగతి వినండి. ఆ జిల్లావాళ్లు పెద్ద జబ్బు వస్తే సరిహద్దు దాటి మంగళూరు పోవాలి. 2013లో అక్కడ మెడికల్ కాలేజీకి పునాదిరాయి వేశారు. 2020 మార్చిలో కర్ణాటక రోడ్ల మీద మట్టి పోసి సరిహద్దు మూసేసేనాటికి కూడా అది పూర్తి కాలేదు. మంగళూరు చేరలేక రోగులు చనిపోయారు. అప్పుడు టాటా కంపెనీ కంటైనరు గదులతో ఐదు వందలకు పైగా పడకల ఆస్పత్రి కట్టి, ఆ ఏడాది సెప్టెంబరు 9న ప్రభుత్వానికి అప్పజెప్పింది. కొన్ని నెలల్లోనే కట్టడం అయిపోయింది. కానీ పోస్టులు మంజూరై, మనుషులొచ్చి, రోగుల్ని చేర్చుకునేసరికి అక్టోబరు చివరికొచ్చింది. కరోనా తగ్గాక సిబ్బందిని వేరే చోట్లకు పంపేశారు. ఆస్పత్రి మూతపడింది. డబ్బాలు పాడై, చివరికి వాటిని తీసేయాల్సి వచ్చింది.

గదులు వేగంగా వస్తాయి, నిజమే. డాక్టరు, నర్సు, మందులు మాత్రం లారీ మీద రావు. వాటికి బడ్జెట్టులో ప్రతి ఏడూ డబ్బు కావాలి. వర్షం కారితే పూడ్చేవాడు, అతుకులు చూసేవాడు కావాలి.

మైదాన ప్రాంతంలో ఐదువేల మందికి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో మూడువేల మందికి ఒక సబ్ సెంటరు ఉండాలని ప్రభుత్వమే రాసుకున్న లెక్క. మన మండలంలో ఆ లెక్క సరిపోయిందా? సరిపోకపోతే అడగాల్సింది మనమే.

సంఘాలు మండలాఫీసుకు పోయినప్పుడు ఈ నాలుగూ కాగితం మీద పెట్టి అడగండి. ఒకటి, ఆగిపోయిన భవనాల చోట ఈ పద్ధతిలో గదులు దించండి, తేదీ రాసివ్వండి. రెండు, గదుల ఆర్డరుతో పాటే పర్మినెంటు పోస్టుల జీవో ఇవ్వండి. మూడు, జాగా ఊరి పెద్దల ఇంటి ముందు కాదు, పల్లెలో నిండు గర్భిణి నడిచి రాగలిగిన చోట చూపించండి. నాలుగు, ఇటుకలూ సిమెంటు తట్టలూ మోసి బతికేది ఎక్కువగా మనోళ్లే. పని ఫ్యాక్టరీకి పోతే ఆ కూలి పోతుంది. మన పిల్లలకు వెల్డింగు, వైరింగు నేర్పి ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలివ్వండి.

ఈసారి శంకుస్థాపనకు చప్పట్లు కొట్టించమంటే నేను కొట్టించను. నర్సమ్మ వచ్చి మొదటి కాన్పు చేసిన రోజు పిల్లల్ని నేనే తీసుకొస్తాను.