సంతకం ఎవరిది?

పొద్దున్నే సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే దారిపొడవునా ఇంజినీరింగ్ కాలేజీల బస్సులే. వాటిలోని పిల్లలు చాలామందికి ఉద్యోగం అనగానే గుర్తొచ్చేది ఆ దగ్గర్లోని ఆదిభట్ల. అక్కడ ఓవైపు టీసీఎస్ ప్రాంగణం. మరోవైపు అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే టాటా బోయింగ్ కర్మాగారం.

'కోడింగ్ వస్తే చాలు, ఉద్యోగం ఖాయం'... చాలా ఏళ్లు ఇదే ధీమా. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అది సడలింది. ఇప్పుడు అడిగిన కోడ్‌ని కంప్యూటరే క్షణాల్లో రాసిస్తోంది. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తగ్గించుకుంటామని ప్రకటించింది. ఎక్కువమంది మధ్య, ఉన్నత స్థాయుల వారే. కారణం కృత్రిమ మేధ కాదనీ, అవసరాలకు తగ్గ నైపుణ్యాలు కుదరకపోవడమనీ సంస్థ చెప్పింది. ఏదైతేనేం, సీనియారిటీ ఒక్కటే కుర్చీని కాపాడదని తేలిపోయింది.

మరి ఇకమీదట మనిషి చేయాల్సిన పనేంటి?

న్యూయార్క్‌లో 2023లో నడిచిన ఓ కేసు సంగతే చూడండి. పాత తీర్పుల కోసం ఓ న్యాయవాది చాట్‌జీపీటీని అడిగారు. అది చెప్పినవాటిలో ఆరు తీర్పులు అసలు లేనే లేవు! సరిచూడకుండా ఆ కాగితాల మీద సంతకం పెట్టింది ఆయన సహోద్యోగి. న్యాయమూర్తి ఇద్దరికీ, వారి సంస్థకీ కలిపి 5 వేల డాలర్ల జరిమానా వేశారు. తప్పు యంత్రానిదే, జవాబుదారీ మాత్రం మనుషులే.

విమాన భాగాలు తయారుచేసేవారికి ఇది కొత్త పాఠం కాదు. రంధ్రం వేసేది యంత్రమైనా, తనిఖీ చేసి 'సరిగ్గా ఉంది' అని ఒప్పుకునే మనిషి ఒకరుంటారు. రేపు తేడా వస్తే అడిగేది వారినే. ఆఫీసుల్లోనూ ఇప్పుడు కావాల్సింది అలాంటివాళ్లే.

యంత్రం ఇచ్చిన జవాబులో తప్పు పట్టాలంటే ముందు మనకు సబ్జెక్టు రావాలి. అందుకే పునాది పాఠాల విలువ తగ్గలేదు, పెరిగింది. బాసుల తీరూ మారాలి. పని పంచి, రిపోర్టులు పోగేసి పైకి పంపితే సరిపోదు. కొత్త పరికరం గురించి నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. అతణ్ని అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు. అన్నీ తెలిసినవారికన్నా అన్నీ నేర్చుకునేవారే మేలని మైక్రోసాఫ్ట్ సారథి, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల తరచూ చెప్పే మాట కూడా ఇదే.

పిల్లల్ని 'ఏ కోర్సు నేర్చుకుంటున్నావ్?' అని అడగడం అమ్మానాన్నలకు అలవాటు. ఇకనుంచి ఇంకో ప్రశ్న కూడా అడగాలి...

'నువ్విచ్చిన పనిలో తప్పుంటే ముందు నువ్వే పట్టుకోగలవా?'