ఆ నొప్పికి ఆరు గంటలే గడువు

తెల్లవారుజామున మూడింటికి కడుపు పట్టుకుని లేచిన పదమూడేళ్ల పిల్లాణ్ని "ఎక్కడ్రా నొప్పి?" అని అడగండి. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూపిస్తాడు. అసలు నొప్పి ఇంకాస్త కింద ఉంటుంది. ఆ మాట అమ్మతో చెప్పడానికి సిగ్గు, నాన్నతో చెప్పడానికి బెరుకు. ఒకటి రెండు వాంతులు కూడా అయితే ఇక అందరికీ గుర్తొచ్చేది రాత్రి తిన్న నూడుల్సే. ఓఆర్‌ఎస్ కలిపిస్తారు, గ్యాస్ మాత్ర వేస్తారు, పొద్దున్నే చూద్దాంలే అంటారు.

టెస్టిక్యులర్ టార్షన్, అంటే వృషణం మెలి తిరగడం, చాలా ఇళ్లలో సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. సర్జన్‌గా నేను చెప్పేదొకటే. ఈ జబ్బులో మేం చేయాల్సిన ఆపరేషన్ చిన్నదే. మా దగ్గరికి వచ్చేలోపు పోయే గంటలే పెద్ద సమస్య.

అసలేం జరుగుతుంది?

వృషణాలు తిత్తిలో తాడులాంటి నాళాల కట్టకు వేలాడుతుంటాయి. రక్తం తెచ్చే ధమని, తీసుకెళ్లే సిర ఆ కట్టలోనే ఉంటాయి. మామూలుగా వృషణం వెనకవైపు తిత్తికి అంటుకుని ఉంటుంది కాబట్టి అంత సులువుగా తిరగదు. కొందరికి పుట్టుకతోనే ఆ పట్టు ఉండదు. గుడిగంట నాలుకలా వదులుగా ఊగుతుంటుంది. ఆటలోనో, చిన్న దెబ్బ తగిలినప్పుడో, చాలాసార్లు ఏ కారణమూ లేకుండా నిద్రలోనో గిర్రున తిరిగి మెలిక పడుతుంది. తడి బట్ట పిండినట్టన్నమాట. ముందు సిర మూసుకుపోయి వాపు వస్తుంది. తర్వాత ధమని కూడా మూసుకుపోతుంది. రక్తం అందక వృషణం చచ్చిపోవడం మొదలవుతుంది.

ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల్లో చూస్తాం. అప్పుడే పుట్టిన పసికందుల్లోనూ రావచ్చు. పాతికేళ్లు దాటినవాళ్లకు తక్కువే గానీ, అస్సలు రాదని కాదు.

నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మెలిక విప్పగలిగితే నూటికి తొంభై మందికి పైగా వృషణం దక్కుతుంది. పన్నెండు గంటలు దాటితే దాదాపు సగం మందికే. రోజు గడిస్తే చాలామందిలో తీసేయాల్సిందే. ఈ గంటలు లెక్కపెట్టాల్సింది ఆస్పత్రికి చేరినప్పటి నుంచి కాదు, నొప్పి మొదలైనప్పటి నుంచి.

హాస్టల్లో ఉండే ఇంటర్ కుర్రాడొకడు నాకు బాగా గుర్తు. రాత్రి పదకొండింటికి నొప్పి మొదలైతే వార్డెన్‌తో "కడుపునొప్పి సార్" అన్నాడు. మాత్ర ఇచ్చి పడుకోమన్నారు. మర్నాడు ఊరి నుంచి నాన్న వచ్చి మా దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రం ఆరయింది. తెరిచి చూస్తే వృషణం నల్లబడిపోయి ఉంది. తీసేయక తప్పలేదు. "ఆ ఒక్క మాట చెప్పుంటే అర్ధరాత్రయినా బయల్దేరేవాణ్ని కదరా" అన్నాడా తండ్రి. పిల్లాడు తల దించుకునే ఉన్నాడు. తప్పు వాడిదని నేననను. ఆ మాట చెప్పొచ్చని వాడికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఇలా గుర్తుపట్టండి

* ఒకవైపు వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి. గజ్జల్లోకి, పొత్తికడుపులోకి పాకవచ్చు.
* వికారం, వాంతులు.
* ఆ వైపు వృషణం పైకి లాగేసినట్టు, అడ్డంగా తిరిగినట్టు కనిపించడం.
* కాసేపటికి తిత్తి వాచి ఎర్రబడటం. నడవాలంటే కాళ్లు ఎడంగా పెట్టాల్సి రావడం.

కొందరికి ఇలాంటి నొప్పే వచ్చి, అరగంటలో దానంతటదే పోతుంది. మెలిక పడి, మళ్లీ విడిపోయిందేమో అని అనుమానించాలి. పోయింది కదా అని వదిలేయకండి. మళ్లీ వచ్చినప్పుడు విడిపోతుందన్న నమ్మకం లేదు. ఒకసారి సర్జన్‌కి చూపించండి.

ఇన్ఫెక్షన్ అయితే?

అలాంటి నొప్పులు వేరే ఉన్నాయి. ఇన్ఫెక్షన్ అయితే నొప్పి ఒకటి రెండు రోజుల మీద మెల్లగా పెరుగుతుంది. జ్వరం, మూత్రంలో మంట ఉండొచ్చు. యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. గవదబిళ్లలు వచ్చిన వారం పది రోజుల్లో, ముఖ్యంగా ఈడొచ్చిన పిల్లల్లో వృషణం వాచవచ్చు. గజ్జల్లో హెర్నియా ఇరుక్కుపోయినా నొప్పి, వాంతులు ఉంటాయి. అదీ ఎమర్జెన్సీయే. క్రికెట్ బాల్ తగిలిన నొప్పి గంటలోపు తగ్గకపోయినా, వాపు పెరుగుతున్నా లోపల చిట్లిందేమో చూడాలి.

ఏది ఏమిటో తేల్చడం మీ పని కాదు. ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది ఇంతే: హఠాత్తుగా వచ్చిన వృషణం నొప్పిని, కాదని తేలేదాకా మెలికగానే అనుకోవాలి.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

అనుమానం ఉంటే డాప్లర్ స్కాన్ తీసి రక్తం ఆడుతోందో లేదో చూస్తాం. లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం కూడా ఆగం. మత్తు ఇచ్చి, తిత్తి మీద చిన్న కోత పెట్టి మెలిక విప్పుతాం. రంగు తిరిగొస్తే మళ్లీ తిరగకుండా కుట్లు వేసి నిలబెడతాం. రెండో వైపు కూడా అంతే. పుట్టుకతో వచ్చిన ఆ వదులు చాలామందిలో రెండు వైపులా ఉంటుంది.

"తెరిచాక మెలిక లేకపోతే ఎలా సార్?" అని అడుగుతుంటారు. చిన్న కుట్టు మిగులుతుంది. ఉన్న మెలికను తెరవకపోతే పోయేది వృషణం.

దారిలో చేయకూడనివి

కాపడం పెట్టకండి, నూనె రాయకండి, నలపకండి. ఇంజక్షన్‌తో నొప్పి తగ్గింది కదా అని ఇంటికి తిరిగి రాకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తిండీ, నీళ్లూ పెట్టకండి. పెద్దాస్పత్రి పేరుతో ఎకాఎకిన హైదరాబాదుకో, విజయవాడకో బయల్దేరకండి. జనరల్ సర్జన్, మత్తు డాక్టర్ ఉన్న దగ్గరి ఆస్పత్రి చాలు. ముందే ఫోన్ చేసి వాళ్లున్నారో లేదో కనుక్కోండి. మూడు గంటల ప్రయాణమంటే గడువులో సగం రోడ్డు మీదే పోతుంది.

ఒకటి పోతే?

రెండోది ఆరోగ్యంగా ఉంటే చాలు. గొంతు మారడం, మీసాలు రావడం, పెళ్లి, పిల్లలు... వీటికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఈ సంగతి పిల్లాడికి డాక్టర్ ఎదురుగానే చెప్పించండి. లేకపోతే వాడు లోలోపల కుమిలిపోతాడు.

హాస్టల్‌కి పంపే పిల్లాడికి పెట్టె సర్దుతున్నప్పుడు ఈ రెండు మాటలు చెప్పండి. "అక్కడ నొప్పొస్తే సిగ్గుపడకు. ఎంత రాత్రయినా సరే, వార్డెన్‌ని లేపి ఫలానా చోట నొప్పి అని చెప్పు, నాకు ఫోన్ చేయించు." వార్డెన్లకూ నా మనవి ఒకటుంది. మగపిల్లాడు కడుపునొప్పి, వాంతులు అంటూ వస్తే మాత్ర చేతికిచ్చే ముందు, పక్కకు పిలిచి "కిందేమైనా నొప్పిగా ఉందా?" అని నెమ్మదిగా అడగండి. అవునంటే ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.