ఒకే పట్టికలో రెండు భాషలు

సంవత్సరాంతమున ఆ ఏటి మేలైన పాటలను ఏరి పట్టికగా వ్రాసికొనుట సంగీతప్రియులకు పరిపాటి. మన విద్యార్థులలోను ఈ అలవాటు కలదు, హర్షింపదగినదే. కాని ఉర్దూ విభాగమువారి పట్టికలో తెలుగు పాట కానరాదు. తెలుగు విభాగమువారి పట్టికలో గజల్ కానరాదు. ఒకే వరండాలో నిలిచి ముచ్చటించుకొను మిత్రులు పాట దగ్గరకు వచ్చుసరికి రెండు ఊళ్ళవారగుచున్నారు. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలుకు మాబోటివారికి ఇది మనస్తాపము కలిగించు విషయము. అడిగినచో, "సంగీతమునకు భాషతో పనియేమి? ఎవరికి నచ్చినది వారు విందురు" అని ఉభయులును సమాధానము చెప్పుదురు. మేము ఈ మాటను అంగీకరింపజాలము. పాటలో సగము స్వరమైన, సగము మాట. ఆ మాటను అందుకొనుటకు శ్రమపడనివాడు సగము పాటనే వినుచున్నాడు.

మా అభిప్రాయమునకు సాక్ష్యముగా 1981వ సంవత్సరమును గ్రహించెదము. ఆ ఏటి పాటల సంపుటములలో మాకు మిక్కిలి ప్రియమైనవి నాలుగు: 'ఉమ్రావ్ జాన్', 'ఏక్ దూజే కే లియే', 'సప్తపది', 'సీతాకోకచిలుక'. ఈ నాలుగు చిత్రములును ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో స్థానము పొందినవి. దేశము తయారుచేసిన పట్టికలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే కూర్చున్నవి. మన పట్టికలలో మాత్రము కూర్చుండలేకున్నవి.

ప్రథమస్థానము 'ఉమ్రావ్ జాన్'కే ఇచ్చెదము. మీర్జా హాదీ రుస్వా 1899లో ప్రకటించిన ఉర్దూ నవలకు ముజఫ్ఫర్ అలీ ఇచ్చిన చిత్రరూపమిది. గజళ్ళు వ్రాసిన షహర్యార్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధించిన ఆచార్యులు. సంగీతము కూర్చిన ఖయ్యాం పంజాబు ప్రాంతీయులు. పాడిన ఆశా భోంస్లే మాతృభాష మరాఠీ. ఖయ్యాం ఆమెచేత అలవాటైన శ్రుతికన్న తగ్గించి పాడించిరి. అందువలన ఆ కంఠమున ఒక నిండుదనమేర్పడి, ప్రతి మాటయు తన బరువుతో చెవికి చేరుచున్నది. సంగీతమునకు ఖయ్యాంకును, గానమునకు ఆశాకును జాతీయ పురస్కారములు లభించెను. ఆ సంపుటముననే తలత్ అజీజ్ పాడిన గజల్ కలదు. ఆయన మన హైదరాబాదులో పుట్టినవారు. లక్నో కథలో మన దక్కను గొంతు వినబడుచున్నదని తెలుగు విద్యార్థులలో ఎందరెరుగుదురు?

రెండవది 'ఏక్ దూజే కే లియే'. 1978లో తెలుగున వచ్చిన తన 'మరో చరిత్ర'నే బాలచందర్ హిందీలో మరల తీసిరి. నాయకునికి పాడినవారు శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కుమారులు. దక్షిణాది యాస వినబడునేమోయని సంగీతదర్శకులు సంకోచింపగా, కథానాయకుడు తమిళ యువకుడు గనుక ఆ యాస దోషము కాదని దర్శకుడు వాదించిరని ప్రసిద్ధి. అంతకుముందు 'శంకరాభరణము'లోని తెలుగు పాటకు జాతీయ పురస్కారము పొందిన ఆ గొంతే ఈ హిందీ పాటకును దానిని పొందెను. ఉచ్చారణ సరిగా రాదని ఇరుగుభాష పలుకుటకు వెనుకాడువారికి ఇంతకన్న ధైర్యవచనము వేరొకటి అక్కరలేదు.

ఇక ఉర్దూ విద్యార్థులకు మా విన్నపము. విశ్వనాథ్ 'సప్తపది'ని ఒకసారి వినుడు. అగ్రహారపు పడుచు మనసు హరిజన యువకుని వేణువుతో ముడివడిన కథ యది. జాతీయ సమైక్యతకుగాను పురస్కృతమైనది. వేటూరి సాహిత్యమునకు బాణీ కట్టిన మహదేవన్ తమిళులు. ఐనను మాట ముందు వ్రాయించుకొని, పిమ్మటనే స్వరము కూర్చుట ఆయన పద్ధతి. తనది కాని భాషకు ఆయన చూపిన గౌరవమది. ఉత్తమ తెలుగు చిత్రముగా ఎన్నికైన 'సీతాకోకచిలుక' హిందూ, క్రైస్తవ యువతీయువకుల ప్రేమకథ. దానికి ప్రాణము పోసిన ఇళయరాజాయు తమిళులే. ఈ నాలుగింటిలోను ఎవరో ఒకరు పొరుగుభాష గడప దాటిరి. కనుకనే పాట నిలిచినది.

సినిమాపాటలకు కళాశాలలో చోటేల యని పెద్దలు శంకింపవచ్చును. 2008వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందిన కవి షహర్యారే గదా ఆ గజళ్ళ కర్త!

లిపి తెలియదను అభ్యంతరము మాత్రము నిజమైనది. 'గజల్' అని తెలుగున వ్రాయగానే అందలి ఉర్దూ 'ఘైన్', 'జే' ధ్వనులు జారిపోవును. తెలుగు 'ళ', 'ణ'లకు ఉర్దూ లిపిలో సరియైన అక్షరములు లేవు. అచ్చు పుస్తకము ఈ పని చేయలేదు. చెంత కూర్చున్న మిత్రుని నాలుకయే చేయవలెను. అట్టి మిత్రులు గది గదికి ఉన్న కళాశాల మనది. ఈ భాగ్యము అందరికిని దొరకునది కాదు.

కావున కళాశాల సంఘమువారికి మా సూచన ఇది. ఏటికొక సాయంకాలము ఉభయ విభాగములవారిని ఒకచోట కూర్చుండబెట్టుడు. ఐదు ఉర్దూ పాటలు, ఐదు తెలుగు పాటలు ఎన్నుకొందురుగాక. తెలుగు పాటను ఉర్దూ విద్యార్థియు, గజల్‌ను తెలుగు విద్యార్థియు సభకు పరిచయము చేయవలెను. తప్పు పలికినచో మిత్రుడు దిద్దును, నవ్వినను నష్టములేదు. ఇందులకు ఒక గది, ఒక గంట చాలును. అట్లు ఎన్నికైన పది పాటల పట్టిక రాబోవు సంచికలో రెండు లిపులలోను అచ్చగునని ఆశించుచున్నాము.