జమాఖర్చులు: ఖర్చు చెవి దగ్గరా, పెట్టె దగ్గరా?

ఈ శీర్షికలో మామూలుగా వడ్డీల గురించో, నామినేషన్ల గురించో, లాకరు తాళాల గురించో రాస్తుంటాను. ఈసారి 12,000 రూపాయల సొంత ఖర్చు గురించి రాస్తున్నాను. డబ్బు నాదే కనుక మొహమాటం లేకుండా చెప్పుకోవచ్చు.

పాటలు వినే పిచ్చి నాకు చిన్నప్పటినుంచీ ఉంది. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడికి అది అంటుకోకుండా ఎలా ఉంటుంది? ఘంటసాలగారి పాటలైనా, సుశీలగారి పాటలైనా చాలా భాగం మన ఊరి స్టూడియోల్లో పుట్టినవే. రాత్రి భోజనాలయ్యాక సెల్‌ఫోనుకు 900 రూపాయల హెడ్‌ఫోను తగిలించుకుని ఓ గంట వినడం నా అలవాటు. మొన్న అరియర్స్ వచ్చినప్పుడు ఇంటి ఖర్చులు పోను 12,000 మిగిలింది. దాంతో వినికిడి సరంజామా బాగుచేసుకుందామనుకున్నాను. ఎక్కడ బాగుచేయాలన్నదే తేలలేదు.

అక్కయ్య కొడుకు అన్నాడు, "మామయ్యా, ముందు ఆ హెడ్‌ఫోను అవతల పారేయండి" అని. పొద్దున్నే నాతో నడకకు వచ్చే మిత్రుడొకాయన మాత్రం, "అసలు సరుకు పెట్టెలోంచి రావాలి కదండీ, హెడ్‌ఫోను ఏం చేస్తుంది? మంచి డాక్ కొనండి" అన్నారు. డాక్ అంటే ఫైల్లో అంకెల రూపంలో దాగున్న పాటను కరెంటు అలలుగా మార్చే భాగం. ప్రతి సెల్‌ఫోనులోనూ చిన్నది ఒకటి ఉంటుంది. విడిగా కొంటే 1,000 రూపాయలకూ దొరుకుతుంది, లక్షకూ దొరుకుతుంది. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు, ఒకే పని చేసే వస్తువుకు ఇంత ధర తేడా కనిపిస్తే ఆడిట్ చేయాలనిపిస్తుంది.

చేశాను. మిత్రుడి దగ్గర 8,000 రూపాయల డాక్, మేనల్లుడి దగ్గర 9,000 రూపాయల హెడ్‌ఫోను అరువు తెచ్చాను. ఒకసారికి ఒక్కటే మార్చాలని నియమం పెట్టుకున్నాను. రెండోది, రెండు పక్కలా శబ్దం మట్టం సమానంగా ఉండాలి. ఇది చాలా ముఖ్యమండీ. రెండింటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదని మన చెవి తీర్పు ఇచ్చేస్తుంది. మా ఆవిడ సెల్‌ఫోనులో శబ్దం కొలిచే సాధనం వేసి, హెడ్‌ఫోను గిన్నెకు ఆనించి రెండూ సరిచూశాను. ఆ తర్వాత నేను గోడవైపు తిరిగి కూర్చుంటే, ఆవిడ చెప్పకుండా తీగ అటూ ఇటూ మార్చింది. పదిసార్లలో డాక్‌ను నేను సరిగ్గా పోల్చింది ఐదుసార్లు. రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వస్తుంది. "ఈ పరీక్షకు నా గంట పోయింది" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

హెడ్‌ఫోను మార్చినప్పుడు పరీక్షే అక్కర్లేకపోయింది. మొదటి చరణంలోనే మృదంగం మీద వేలు పడిన చోటు తెలిసింది. దీనికి కారణం ఉంది. సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకెలుగా రాస్తారు. మనిషి చెవి మహా అయితే వినగలిగే 20,000 కంపనాల దాకా అది చాలు. యాభై దాటిన మాబోటివాళ్లలో చాలామందికి అందులో పైమెట్లు ఎలాగూ వినబడవు. ఆ అంకెలను కరెంటుగా మార్చడం ఈ రోజుల్లో చవక పరికరం కూడా శుభ్రంగానే చేస్తుంది. హెడ్‌ఫోను సంగతి వేరు. పలచటి పొరను ఊపి గాలిని కదిలించాలి, గిన్నె చెవికి సందు లేకుండా అతకాలి. సందుంటే కింది స్వరం కారిపోతుంది. కంపెనీకో తీరు, మోడలుకో తీరు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. 300 ఓముల హెడ్‌ఫోను కొంటే మామూలు సెల్‌ఫోను దాన్ని నడపలేక నీరసంగా మోగుతుంది, దానికి యాంప్లిఫయరు కావాలి. పాత కంప్యూటరుకు తగిలిస్తే గుయ్యిమని మోత వస్తుంటే విడి డాక్ పనికొస్తుంది. తీగ లేని బ్లూటూత్ హెడ్‌ఫోను వాడేవాళ్లు మాత్రం డాక్ జోలికి పోకండి. ఆ హెడ్‌ఫోనులోనే డాక్ కూర్చుని ఉంటుంది, మీరు కొన్నది మేజా మీద ఊరికే పడి ఉంటుంది.

ఇంతవరకూ మేనల్లుడు గెలిచాడు. హెడ్‌ఫోను కొనేసేవాణ్ణే. కాని ఆ అరువు హెడ్‌ఫోనుతో చివరగా అమ్మ పాట విందామని బుద్ధి పుట్టింది.

1987లో అక్కయ్య పెళ్లిలో అమ్మ అప్పగింతల పాట పాడింది. బాబాయి తన టూ-ఇన్-వన్‌లో దాన్ని రికార్డు చేశాడు. అమ్మ 2009లో పోయింది. మా దగ్గర మిగిలిన ఆవిడ గొంతు ఆ ఏడు నిమిషాలే. పదేళ్ల కిందట ఒక దుకాణంలో ఆ క్యాసెట్టును ఎంపీత్రీ ఫైలుగా మార్పించి అందరం పంచుకున్నాం. అందులో అమ్మ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. పాత రికార్డింగు కదా, ఇంతేలే అనుకున్నాం. మంచి హెడ్‌ఫోనులో వింటే ఆ దుప్పటి మరింత మందంగా వినిపించింది, దానికి తోడు బుసబుస. డాక్ పెట్టినా అదే. అసలులోనే తరుగు పడితే వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది?

రేడియోలో పనిచేసి రిటైరైన ఒకాయనకు వినిపించాను. ఆయన అర నిమిషం విని, "క్యాసెట్టు ఉందా, పారేశారా?" అని అడిగారు. నా గుండె గుభేలుమంది. కాపీ ఉంది కదా అని ఇల్లు మారినప్పుడు పాత క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో వేసి కాగితాలవాడికి ఇవ్వబోయాను. అమ్మ చేతిరాత ఉన్నదొక్కటీ మా ఆవిడ తీసి బీరువాలో చీరల కింద పెట్టింది. పరీక్షకు గంట పోయిందన్న మనిషే.

అటక మీది డబుల్ డెక్కు దింపి రిచీ స్ట్రీటుకు తీసుకెళ్లాను. అక్కడ ఒక మేడమెట్ల కింద డెబ్భై ఏళ్ల మెకానిక్కు ఉన్నాడు. బెల్టులు మార్చి, స్పిరిట్‌తో హెడ్డు తుడిచి, క్యాసెట్టు పెట్టి, హెడ్డు పక్కనున్న సన్నటి స్క్రూను తిప్పడం మొదలుపెట్టాడు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే, సెకనుకు ఐదు సెంటీమీటర్లన్నా నడవదు. అందులో హెడ్డు వెంట్రుకవాసి ఒరిగినా పైస్వరాలన్నీ మాయమవుతాయట. తమాషా ఏమిటంటే, హెడ్డు నిటారుగా ఉంటే చాలదు. బాబాయి టూ-ఇన్-వన్‌లో హెడ్డు ఆ రోజున ఎంత వంకరగా ఉందో, ఈ హెడ్డూ అంతే వంకరగా నిలబడాలి. అందుకు కొలబద్ద లేదు, చెవే ఆధారం. ఆ దుకాణంలో మా క్యాసెట్టుకు ఎవరూ ఆ స్క్రూ తిప్పి ఉండరు.

ఆయన పావుచుట్టు తిప్పాడో లేదో, దుప్పటి తొలగిపోయింది. అమ్మ గొంతు, వెనకాల పాత్రల చప్పుడు, ఎవరో చంటిపిల్ల ఏడుపు. పాట తాళానికి అమ్మ చేతి గాజులు కదలడం కూడా వినిపించింది. మెట్ల కింద స్టూలు మీద కూర్చుని ఏడు నిమిషాలూ విన్నాను. మెకానిక్కు నావైపు చూడకుండా టీ చెప్పించాడు.

ఆ డెక్కునుంచే ఇంట్లో కంప్యూటరులోకి ఎక్కించాను. ఈసారి ఎంపీత్రీగా కుదించకుండా, సీడీ కొలతలో. మూడు కాపీలు చేసి మూడు చోట్ల పెట్టాను. లెక్క ఇదీ: డెక్కు రిపేరుకు 1,400. కంప్యూటరులోకి ఎక్కించే యూఎస్‌బీ పెట్టెకు 2,800. తీగ ఉన్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోనుకు 4,500. మొత్తం 8,700. నాకు పాత 900 రూపాయలదే ఉంది. కొత్తది అక్కయ్యకు.

అక్కయ్యకు ఈ రెండేళ్లుగా చెవులు మందగించాయి. ఫోనులో మాట్లాడితే "ఆఁ? ఆఁ?" అంటుంది. డాక్టరు దగ్గరకు పోదామంటే వయసన్నాక ఇంతే అని దాటేస్తుంది. ఆదివారం పెరంబూరు వెళ్లి, హెడ్‌ఫోను ఆవిడ చెవులకు పెట్టి పాట వేశాను. కళ్లు మూసుకుంది. అయ్యాక చాలాసేపు తీయలేదు.

"ఆ రోజు నేనిది వినలేదురా," అంది. "తలొంచుకుని ఏడుస్తూ కూర్చున్నాను. మధ్యలో అమ్మ ఆగిపోయింది చూడు, పెద్దత్తయ్య అందించింది."

"గాజులు వినిపించాయా అక్కయ్యా?" అన్నాను.

"గాజులేమిట్రా?"

మళ్లీ వేశాను. శబ్దం పెంచాను. అమ్మ గొంతు బాగా వినిపిస్తోందట, గాజులు మాత్రం లేవట. అప్పుడు ఆవిడే అంది, "సరే, ఆ డాక్టరు ఎక్కడ ఉంటాడన్నావు?" అని.

మిగిలిన 3,300 దానికి పక్కన పెట్టాను. బుధవారం పొద్దున పదింటికి వెళ్తున్నాం.